గిటార్ తీసేస్తే కథ నిలబడుతుందా? రాక్ బ్యాండ్ ప్రేమకథల్లో ఏది ఎవరికి

ఆదివారం అబిడ్స్‌లో షాపుల షట్టర్లు దించి ఉంటాయి, ఫుట్‌పాతంతా పాత పుస్తకాలదే. ఆమధ్య మా పిన్ని కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది, కాలేజీ బ్యాండ్‌లో బేస్ గిటార్, అంటే పాట అడుగున బరువుగా మోగే గిటార్, వాయిస్తుంది. బ్యాండ్‌లో నలుగురూ ఆడపిల్లలే.

"అక్కా, నాకొక లవ్ స్టోరీ కావాలె. హీరోయిన్ బ్యాండ్ల ఉండాలె. ఊరికే ఉండుడు కాదు, వాయించాలె" అంది.

గుట్టలోంచి ఒక పుస్తకం లాగింది. అట్ట మీద తోలు జాకెట్ వేసుకున్న అమ్మాయి, ఆమె నడుం చుట్టూ ఎవరిదో చెయ్యి, పక్కన గోడకి ఆనించిన గిటార్. మా పిల్ల అట్టని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. "ఐదే తీగలు గీసిండ్రు" అని మళ్ళీ గుట్ట మీద పడేసింది.

గిటార్‌కి ఆరు తీగలుంటాయి, బేస్‌కి మామూలుగా నాలుగు. ఐదు తీగల బేస్ కూడా ఉంటుందనుకోండి, కానీ అట్ట మీదున్నది అది కాదు. తీగలు లెక్కపెట్టని బొమ్మ వేయించినవాళ్ళు లోపల రిహార్సల్ ఎలా రాసి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఈ రకం నవలలు ఇంగ్లీషులో బోలెడు. చాలావాటిలో గిటార్ ఉన్నది అట్టకోసమే. కథలో దాని బదులు కెమెరా పెట్టినా, బేకరీ పెట్టినా ఏమీ తేడా రాదు. ఇద్దరూ పోట్లాడుకుంటారు, విడిపోతారు, ఎయిర్‌పోర్టులో కలుస్తారు. అందుకే నాది ఒకటే పరీక్ష: గిటార్ తీసేయండి. కథ నిలబడితే ఆ పుస్తకం వద్దు. కూలిపోతే కొనండి.

మన అమ్మలు వారపత్రికల్లో సీరియల్ పేజీలు చించి, కుట్టించి, బైండు చేయించుకుని చదివిన తరం. ఆ నవలల్లో ముందు హీరో వచ్చేవాడు: ఆరడుగుల ఎత్తు, పొడుగాటి కారు, తక్కువ మాటలు. హీరోయిన్‌కి ఆత్మాభిమానం ఉండేది, ఉద్యోగం కూడా ఉండేది, కానీ ఆ ఉద్యోగంలో ఆమె పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేసేదో మనకి పెద్దగా తెలిసేది కాదు. ఆ అలవాటు మనకింకా పోలేదు. పుస్తకం తెరవగానే హీరో ఎలా ఉన్నాడో వెతుకుతాం. రాక్ బ్యాండ్ కథ కొనేటప్పుడు మాత్రం హీరోయిన్ వేళ్ళు చూడండి. వాటికి కాయలు కాచాయా లేదా?

మూడు నవలలు, రెండు ఆత్మకథలు నా దగ్గర ఉన్నాయి. ఆత్మకథలు ఎందుకు చేర్చానో తర్వాత చెబుతాను.

ముందు అందరూ అడిగేది: టేలర్ జెంకిన్స్ రీడ్ రాసిన 'డైసీ జోన్స్ అండ్ ది సిక్స్'. 2019లో వచ్చింది. 1970లలో లాస్ ఏంజిలిస్‌లో పేరు తెచ్చుకుని, 1979లో ఒక కచేరీ తర్వాత ఉన్నపళంగా విడిపోయిన బ్యాండ్ కథ. కథ చెప్పేవాడంటూ లేడు. ఏళ్ళ తర్వాత బ్యాండ్‌లోని వాళ్ళందరూ ఎవరికివారు ఇంటర్వ్యూ ఇచ్చినట్టు ఉంటుంది. ఒకరు చెప్పిన దాన్ని పక్కవాళ్ళు "అలా ఏం జరగలేదు" అని కొట్టిపారేస్తారు. పెళ్ళిలో జరిగిన గొడవ గురించి మేనత్తని ఒకసారి, మేనమామని ఒకసారి అడిగినట్టు. భాష మాట్లాడుకునే ఇంగ్లీషు, పేరాలు చిన్నవి. ఇంగ్లీషు నవల పూర్తిచేసి ఏళ్ళయినవాళ్ళు కూడా దీన్ని రెండు మూడు రోజుల్లో అవగొడతారు.

దీని వెనక నిజం కథ ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే బ్యాండ్‌ది. 1977లో వచ్చిన 'రూమర్స్' ఆల్బమ్ చేసేనాటికి ఆ బ్యాండ్‌లోని ప్రేమజంట స్టీవీ నిక్స్, లిండ్సీ బకింగ్‌హామ్ విడిపోయారు. క్రిస్టీన్, జాన్ మెక్‌వీ దంపతులు విడాకుల్లో ఉన్నారు. ఒకరినొకరు తిడుతూ రాసుకున్న పాటలకి ఒకరికొకరు వంత పాడారు. స్టీవీ రాసిన 'సిల్వర్ స్ప్రింగ్స్' అనే పాటని ఆ ఆల్బమ్‌లోంచి తీసేశారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1997లో అందరూ మళ్ళీ కలిసి చేసిన కచేరీలో ఆమె అదే పాటని లిండ్సీ వైపు తిరిగి, కళ్ళలోకి చూస్తూ పాడింది. యూట్యూబ్‌లో ఉంది. నవల కొనేముందు ఆ ఐదు నిమిషాలు చూడండి. మీకు ఏమీ అనిపించకపోతే నవల కూడా నచ్చదు, డబ్బు మిగులుతుంది.

నా పరీక్షలో డైసీ గెలిచింది. పాటలు రాయడానికి డైసీ, బ్యాండ్ నడిపే బిల్లీ ఒక గదిలో కూర్చోవడమే ఇందులో ప్రేమ. ముట్టుకోవడం కంటే ఒకరి వాక్యాన్ని ఇంకొకరు కొట్టేయడం దగ్గర ఎక్కువ వేడి పుడుతుంది. అయితే రెండు సంగతులు ముందే తెలిస్తే మంచిది. ఒకటి, బిల్లీకి పెళ్ళయింది. భార్య పేరు కమిలా, ఆమె వట్టి అడ్డంకిలా రాసిన పాత్ర కాదు. మా ఆఫీసులో ఈ పుస్తకం చేతులు మారాక లంచ్ బల్ల దగ్గర రెండు జట్లు తయారయ్యాయి. పెళ్ళయినవాళ్ళంతా కమిలా వైపే ఉంటారనుకున్నా, అలా ఏం జరగలేదు. రెండోది, మాత్రలు, కొకైన్, తాగుడు పుష్కలంగా ఉంటాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు, మనుషుల్ని నలిపేస్తాయి.

ఇంకో మాట. ఇది ఆడవాళ్ళ బ్యాండ్ కథ కాదు. ఏడుగురిలో ఇద్దరే ఆడవాళ్ళు: డైసీ, కీబోర్డు వాయించే కారెన్. అట్ట మీద ఉన్నది డైసీ అయినా, మా పిల్లకి పట్టింది కారెనే. పాడే అమ్మాయిని లోకం ఎలాగూ చూస్తుంది. వెనక నిలబడి వాయించే అమ్మాయి ఏం వేసుకోవాలి, పిల్లలు కావాలనుకుంటోందా లేదా అనేది ఎవరి సొమ్మని అందరూ తీర్పులిస్తారు? కారెన్ భాగం చిన్నదే, కానీ నన్నడిగితే పుస్తకంలో గట్టిది అదే.

పుస్తకమా, సిరీసా అని కూడా అడుగుతారు. 2023లో ప్రైమ్ వీడియోలో 10 ఎపిసోడ్లుగా వచ్చింది. డైసీగా చేసిన రైలీ కియో, ఎల్విస్ ప్రెస్లీ మనవరాలు. నటులే పాడారు. కథలోని 'అరోరా' ఆల్బమ్‌ని నిజంగానే విడుదల చేశారు. నవల్లో పాటలు కాగితం మీద సాహిత్యంగానే ఉంటాయి, సిరీస్‌లో వినబడతాయి. అది పెద్ద లాభం. నష్టం ఏమిటంటే, నవల్లో మీరు మనసులో విన్న గొంతు పోతుంది. ముందు చదివి తర్వాత చూడండి. తిరగేసి చేస్తే చదివేంతసేపూ రైలీ కియో మొహమే కనబడుతుంది. ఇంటర్వ్యూ తీరులో ఉంది కాబట్టి ఆడియోబుక్ కూడా బాగుంటుంది, ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు పెట్టారు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్ళివచ్చేవాళ్ళకి వారం రోజుల్లో అయిపోతుంది. కాకపోతే సరిగ్గా గొడవ ముదిరిన చోటే "తలుపులు ఎడమ వైపు తెరుచుకుంటాయి" అని వినబడుతుంది.

కాగితం పుస్తకమే కావాలనుకుంటే చివరి పేజీలు తిప్పి చూసుకోండి. నేను మొదట ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని ఒకటి తెప్పించాను. వచ్చింది పైరసీ కాపీ, అచ్చు మసక, చివర ఉండాల్సిన పాటల సాహిత్యం మొత్తం ఎగిరిపోయింది. కథంతా ఆ పాటల గురించి కొట్టుకుని, తీరా అవి లేకపోతే భోజనం పెట్టి కూర మర్చిపోయినట్టుంటుంది.

రెండోది ఎమ్మా బ్రోడీ 'సాంగ్స్ ఇన్ ఉర్సా మేజర్', 2021. మీకు అచ్చంగా ప్రేమకథే కావాలంటే, డైసీలో అటూ ఇటూ దూకే గొంతులు చిరాకు పెడతాయనుకుంటే, ఇది. 1969లో అమెరికా తూర్పు తీరాన ఒక దీవిలో జానపద సంగీత ఉత్సవం. పెద్ద గాయకుడు జెస్సీ రీడ్ రావాలి, మోటార్‌సైకిల్ ప్రమాదం అయి రాలేకపోయాడు. జనం ఎదురుచూస్తున్నారు. ఆ దీవి పిల్ల జేన్ క్విన్, తన బ్యాండ్‌తో స్టేజీ ఎక్కుతుంది. తర్వాత జెస్సీ దెబ్బల నుంచి కోలుకుంటూ అదే దీవిలో ఉండిపోతాడు. మిగతాది మీరు ఊహించుకోగలరు, ఊహించుకున్నా చదవబుద్ధవుతుంది.

గాయకులు జోనీ మిచెల్, జేమ్స్ టేలర్ 1970 ప్రాంతంలో కలిసి ఉన్న రోజులు దీనికి మూలం. 1971లో వచ్చిన జోనీ ఆల్బమ్ 'బ్లూ'లో కొన్ని పాటలకి గిటార్ వాయించింది ఆ జేమ్స్ టేలరే. విడిపోయిన మనిషి వేళ్ళు విడిపోవడం గురించిన రికార్డులో వినబడుతూ ఉంటాయి. నవల అంత దూరం వెళ్ళలేదు. కానీ జేన్ ఇల్లు నాకు బాగా నచ్చింది: అమ్మమ్మ, పిన్ని, కజిన్, అందరూ ఆడవాళ్ళే, వంటింట్లో ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు. మన ఇళ్ళు గుర్తొస్తాయి. డైసీలో లేని ఈ ఆడవాళ్ళ సందడి ఇందులో ఉంది. డైసీలో ఉన్న కరుకుదనం ఇందులో తక్కువ. రాక్ కంటే జానపద బాణీ ఎక్కువ అని కూడా చెప్పాలి. మా పిల్ల ఇరవై పేజీలు చదివి "మంచిగుంది గానీ సౌండ్ తక్కువున్నదక్కా" అంది. వానాకాలంలో, సెలవు రోజు, పక్కన టీ పెట్టుకుని చదువుకునేవాళ్ళు దాని మాట పట్టించుకోనక్కర్లేదు.

మూడోది ప్రేమ నవల అని కొంటే మోసపోతారు, ముందే చెబుతున్నా. డానీ వాల్టన్ 'ది ఫైనల్ రివైవల్ ఆఫ్ ఓపల్ అండ్ నెవ్', ఇదీ 2021దే. ఇదీ ఇంటర్వ్యూల తీరే. డెట్రాయిట్ నుంచి వచ్చిన నల్లజాతి అమ్మాయి ఓపల్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన తెల్లవాడు నెవ్, కలిసి 1970ల న్యూయార్క్‌లో రాక్ పాటలు చేస్తారు. ఒక కచేరీలో అల్లరిమూక దాడిలో వాళ్ళ డ్రమ్మర్ చనిపోతాడు. ఇప్పుడు ఇంటర్వ్యూలు చేస్తున్నది ఆ డ్రమ్మర్ కూతురు. ఆ డ్రమ్మర్‌తో ఓపల్‌కి సంబంధం ఉండేది. ఆ కూతురు తన తల్లి కాపురంలోకి వచ్చిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మర్యాదగా ప్రశ్నలు అడగాలి. ఈ ఒక్క మెలిక కోసం చదవొచ్చు. ఫుట్‌నోట్లు, సంపాదకురాలి మాటలు మధ్యమధ్యలో వస్తాయి, నెమ్మదిగా చదవాలి. డైసీ చదివాక "ఇందులో నల్లవాళ్ళు ఎక్కడ?" అని మీకు అనుమానం వచ్చి ఉంటే మీ పుస్తకం ఇదే. రానివాళ్ళు ముందు పై రెండిటిలో ఒకటి చదవండి.

ఇక ఆత్మకథలు. పై మూడు నవలల్లోనూ ఆడపిల్ల పక్కన నిలబడి వాయించేది ఎక్కువగా మగవాళ్ళే. మా పిల్ల అడిగింది అది కాదు. దాని బ్యాండ్‌లో మగవాడు లేడు. అలాంటి కథ, అందులోనూ ప్రేమ, అందులోనూ బ్యాండ్ నడవడమే కష్టమయ్యేంత ప్రేమ కావాలంటే, నా అలమరాలో ఉన్నవాటిలో దగ్గరగా వచ్చింది నవల కాదు, క్యారీ బ్రౌన్‌స్టీన్ 2015లో రాసిన 'హంగర్ మేక్స్ మి ఎ మోడర్న్ గర్ల్'.

ఆమె స్లీటర్-కినీ అనే బ్యాండ్‌లో గిటారిస్టు. 1994లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియాలో మొదలైంది. ఆ పేరు వాళ్ళు రిహార్సల్ చేసుకున్న చోటి దగ్గరి ఒక రోడ్డుది. మనవాళ్ళు బ్యాండ్‌కి 'రేతిబౌలి' అని పేరు పెట్టుకున్నట్టు. క్యారీ, ఇంకో గిటారిస్టు కోరిన్ టకర్ మొదట్లో ప్రేమించుకున్నారు, విడిపోయారు. బ్యాండ్ మాత్రం ఆపలేదు. ఆ విడిపోవడం గురించే కోరిన్ 'వన్ మోర్ అవర్' అనే పాట రాసింది, 1997 నాటి 'డిగ్ మి అవుట్' ఆల్బమ్‌లో ఉంది. ఆ పాటలో వెనక నుంచి వచ్చే రెండో గొంతు ఎవరిదనుకున్నారు? క్యారీదే. తన గురించి రాసిన వీడ్కోలు పాటకి తానే వంత పాడుతుంది, ఊరూరా తిరిగి, ఏళ్ళ తరబడి. ఏ నవలాకారుడైనా ఇలా రాస్తే "మరీ సినిమా కష్టాలు" అనేవాళ్ళం. వాళ్ళిద్దరి సంబంధం ఇంట్లోవాళ్ళకి తెలియకముందే ఒక పత్రిక అచ్చేసిన సంగతి కూడా ఇందులో ఉంది. ఇద్దరమ్మాయిల ప్రేమకథలు వెతుక్కునేవాళ్ళకి తీపిగా ముగిసే నవలలు వేరే ఉన్నాయి. ఇది తీపి కాదు. కానీ గిటార్ తీసేస్తే ఇందులో ఒక్క పేజీ మిగలదు.

చిన్న చిక్కు: స్లీటర్-కినీలో బేస్ గిటారే లేదు. రెండు గిటార్లు, డ్రమ్స్, అంతే. ఈ మాట చెప్పగానే మా బేసిస్టు మొహం చూడాల్సింది.

రెండో ఆత్మకథ నాకోసం పెట్టుకున్నది. వివ్ ఆల్బర్టైన్ 2014లో రాసింది. పేరు చాంతాడంత: 'క్లోత్స్, క్లోత్స్, క్లోత్స్. మ్యూజిక్, మ్యూజిక్, మ్యూజిక్. బాయ్స్, బాయ్స్, బాయ్స్.' ఆమె చిన్నప్పుడు ఇంట్లో ఎప్పుడూ బట్టలూ పాటలూ మగపిల్లలేనా అని తల్లి విసుక్కునేదట, ఆ విసుగే పుస్తకం పేరయింది. లండన్‌లో పంక్ రాక్ మొదలైన రోజుల్లో, అమ్మమ్మ ఇచ్చిపోయిన డబ్బుతో, వాయించడం రాకుండానే గిటార్ కొనేసింది. ది స్లిట్స్ అనే ఆడవాళ్ళ బ్యాండ్‌లో చేరింది. 1979లో వాళ్ళ మొదటి ఆల్బమ్ 'కట్' వచ్చింది. ది క్లాష్ బ్యాండ్ గిటారిస్టు మిక్ జోన్స్‌తో ప్రేమ, గొడవలు, అన్నీ దాపరికం లేకుండా ఉంటాయి.

నేను మళ్ళీ మళ్ళీ తీసేది రెండో సగం. బ్యాండ్ పోతుంది. పెళ్ళి, బిడ్డ కోసం ఏళ్ళ తరబడి ఆసుపత్రులు, క్యాన్సర్, సముద్రం ఒడ్డున చక్కటి ఇల్లు. యాభై దాటాక మళ్ళీ గిటార్ పట్టుకుంటుంది. వేళ్ళు మెత్తబడిపోయి ఉంటాయి, ఓనమాలనుంచి మొదలు. భర్తకి ఇష్టం లేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని సాధన చేసే ఆ పేజీలు, పెళ్ళికి ముందు వీణో, నాట్యమో నేర్చుకుని ఇప్పుడా పెట్టె అటక మీద పెట్టిన ఎవరికైనా ఇవ్వండి. ప్రేమ ఎవరితో అన్నది చివరికి తికమకగా మారుతుంది, మనిషితోనా, ఆరు తీగలతోనా అని. చిన్నపిల్లలకి మాత్రం ఇవ్వకండి, ఆమె ఏదీ దాచుకోదు.

మన దేశం సంగతి ఒక్క ముక్క. 2012 డిసెంబరులో శ్రీనగర్‌లో 'ప్రగాష్' అనే బ్యాండ్ స్టేజీ ఎక్కింది, ముగ్గురూ బడికెళ్ళే ఆడపిల్లలు. 2013 ఫిబ్రవరికల్లా బెదిరింపులు, మత పెద్ద ఆక్షేపణ, బ్యాండ్ మూసేశారు. ఇంగ్లీషు నవలల్లో బ్యాండు ప్రేమ వల్ల విడిపోతుంది. ఇక్కడ ప్రేమ దాకా రాకముందే చుట్టుపక్కలవాళ్ళు విడగొడతారు. ఆ కథ ఎవరైనా తెలుగులో రాస్తే ముందు వరసలో నిలబడి కొంటాను.

మా పిల్ల బ్యాండ్‌కీ చుట్టుపక్కలవాళ్ళున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జామ్ రూమ్, అంటే సాధన చేసుకునే గది, గంటకింత అని అద్దె. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించారు. గుడ్ల అట్టలు గదిలో ప్రతిధ్వనిని కాస్త తగ్గిస్తాయి తప్ప శబ్దాన్ని బయటికి పోకుండా ఆపవు, అందుకే ఎనిమిదిన్నరకల్లా వాచ్‌మన్ వచ్చి తలుపు తడతాడు. ఒకరోజు నేను ఐదు పుస్తకాలూ సంచీలో వేసుకుని వెళ్ళాను, నలుగురూ పంచుకుంటారని.

పాడే పిల్ల ఆలోచించకుండా డైసీ తీసుకుంది. డ్రమ్స్ వాయించే అమ్మాయి వెనక అట్ట చదివి, డ్రమ్మర్‌ని చంపేస్తారని తెలిసి, ఓపల్ పుస్తకం నాకు తిరిగి ఇచ్చేసింది. ఉర్సా మేజర్ తీసుకుంది. లీడ్ గిటార్ అమ్మాయి వివ్ పుస్తకం పేరు చదివి నవ్వుతూ, వాళ్ళమ్మకిస్తానంది. మా పిల్ల క్యారీ పుస్తకం చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"బేస్ లేకుంటే కింద సౌండ్ ఎట్లొస్తదక్కా?"

వాళ్ళు తీగల్ని మామూలు శ్రుతి కంటే ఒకటిన్నర మెట్టు కిందికి, సి షార్ప్‌కి దించుకుంటారని చెప్పాను. అంతే, పుస్తకం యాంప్లిఫయర్ మీద బోర్లా పెట్టి, లీడ్ గిటార్ తీసుకుని మరలు వదులు చేయడం మొదలెట్టింది. తీగలు ఒక్కొక్కటే గరగరమంటూ కిందికి జారాయి. "ఇదే కదా" అంది. అప్పుడే వాచ్‌మన్ తలుపు తట్టాడు.